గోపన్‌పల్లి గోడ మీది ఫొటువ

"తాతా, నిన్న గోపన్‌పల్లి పోయొచ్చినావంట గదా? నేనిచ్చిన ఫొటో చూసి సాయిలు తాత ఏమన్నాడు?"

పోయిన బిడ్డా, పోయొచ్చిన. కూసో ముందు. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు కదులుతది, ఇట్ల గద్దె మీదికి రా. ఇయ్యాల ఆదివారమే గద, డ్యూటీ లేదు గద నీకు? ఏమో, మీ కంపెనీలకు ఆదివారం లేదు సోమవారం లేదు. కిరాయికున్న పిల్లలల్ల నువ్వొక్కదానివే ముసలోని దగ్గర కూసుంటవు. మిగిలినోళ్లు నల్లా నీళ్లు రాకపోతేనే నా మొకం చూస్తరు.

చెప్త, అంత చెప్త. మొదలు సంది చెప్తెనే నీకు సమజైతది. నడుమల నుంచి చెప్తె ముసలోనికి మతి తప్పిందనుకుంటవు.

నువ్వేమో ఆ గుండ్రటి అద్దాల బంగ్లల కూసోని ఎక్కడెక్కడి దేశాల పాత ఫొటువలు కంప్యూటర్ల ఎక్కిస్తవు. కింద ఇంగ్లీషుల ఏం రాసుంటె అది కొడ్తవు. బర్మా లడాయి ఫొటువలు వచ్చినయి, ఒకదాని కింద లారీ డ్రైవర్లు, హైదరాబాదు దిక్కోళ్లు అని రాసున్నది. మా ఇంటి ఓనర్ తాత బర్మాల లారీ నడిపిన అంటడు గద అని, మీ సార్‌ను అడిగి కాయితం మీద అచ్చేసి తెస్తివి. మంచి మనసుతోటి తెచ్చినవు, నిన్నేమనను. కానీ ఆ కాయితం నా చేతుల పెట్టి నువ్వు మొదలు అడిగిన మాటేంది, యాదికున్నదా? "తాతా, ఈ నడుమ నిలబడ్డ అందగాడెవరు?" అంటివి.

వాడే సాయిలు.

పక్కకు, లారీ మడ్గారు మీద చెయ్యేసి, టోపీ కండ్ల మీదికి గుంజుకోని ఒకడు నిలబడ్డడు గద. వాన్ని నువ్వు అడగనే లేదు. వాడు నేను.

నవ్వుతవు. నవ్వు. యాభై ఏండ్ల సంది అందరు గట్లనే అడుగుతరు, నువ్వు కొత్తగ అడిగినవా.

సాయిలంటె నా సడ్డకుడు. అంటె నా పెండ్లాం చెల్లె మొగడు, మీ దిక్కు ఏమంటరో. నా పెండ్లాం బాలమ్మ, నువ్వు చూడలే, నువ్వు రాకముందే పోయింది. సాయిలంటె నాకు కండ్లమంట బిడ్డా. దాసుకునుడేంది నీ దగ్గర. నాకు షుగరున్నది, బీపీ ఉన్నది, వాటికన్న ముందు సంది సాయిలున్నడు. డాక్టరుకు గదొక్కటి చెప్పలేదు, మందు లేదని.

ఎందుకంటవా. ఒకటా రెండా. మా అత్తగారిది గోపన్‌పల్లి. ఇప్పుడు నీకు అటు పోతె అపార్ట్‌మెంట్ల బోర్డులు కనబడ్తున్నయి గాని, అప్పుడు జొన్నచేన్లు, తుమ్మచెట్లు, రాతిగుండ్లు. ఈ మాదాపూర్ మాత్రం ఏమున్నది, గుండ్ల మీద గుండ్లు. ఆ గుండ్లను పేల్చే కద మీ బంగ్ల కట్టింది. పేల్చినప్పుడల్లా మా ఇంట్ల గిన్నెలు కదులుతుండె, నాకు బర్మా యాదికొస్తుండె. ఏం చెప్తున్న? ఆఁ, అత్తగారిల్లు. మా మామకు ఇద్దరు బిడ్డలే, కొడుకుల్లేరు. పెద్దామె బాలమ్మ, చిన్నామె సత్తెమ్మ. సాయిలేమో మా మామకు అక్క కొడుకు. తండ్రి సచ్చిపోతె ఆ ఇంట్లనే పెరిగిండు. అంటె ఏమైంది, బాలమ్మకు మేనబావ వరుస. అసలు బాలమ్మను వానికే ఇయ్యాలె. కానీ వయసుల ఆమె కంటె జర చిన్నోడు. ఆర్నెల్లో ఏడాదో. అందుకని బయటి సంబంధం చూసి నాకిచ్చిన్రు. ఈ సంగతి నాకెట్ల తెలిసిందంటవు? పెండ్లి పీటల మీదనే తెలిసింది. నా వెనుక కూసున్న ముసలామె ఒకామె, "సాయిలు ఇంక జర ముందుగాల పుట్టుంటె ఈ పిలగానికి పిల్ల దొరకకపోవు" అని నవ్వుకుంట అన్నది. చేతుల అక్షింతలున్నయి, ఏమనాలె? అప్పుడు పట్టుకున్నది నాకిది.

ఇగ లడాయి వచ్చింది. వానల్లేవు, పంటల్లేవు, లష్కర్ల పల్టన్‌కు మనుషుల్ని తీసుకుంటున్నరని ఊర్లె డప్పేసిన్రు. లష్కర్ అంటె సికింద్రాబాదు బిడ్డా. కడుపునిండ తిండి, ఖాకీ బట్టలు, బూట్లు అన్నరు. నేను పోయిన. నేను పోతున్నని తెలిసి సాయిలు వెంబడి వచ్చిండు. "అన్నా, నువ్వు పోతె నేనూ పోత" అన్నడు. అందరు ఏమన్నరు? చూడు, సాయిలుకు లింగయ్య అంటె ఎంత పాయిరమో అన్నరు. నేను పోవుడు ఎవలకు కనపడలే, వాడు నా వెంబడి వచ్చుడు కనబడ్డది.

అండ్ల నన్ను డ్రైవరును చేసిన్రు. వాన్ని క్లీనరును. లారీ నాది, స్టీరింగు నాది. నీళ్లు పోసుడు, అద్దం తుడుసుడు, ఎత్తు మీద టైరు కింద రాయి పెట్టుడు వాని పని. ఇది నువ్వు జర యాదిల పెట్టుకో, ఎందుకంటె ఊర్లె ఎవ్వలకు యాదిల లేదు. ఒకపారి గుట్ట మలుపుకాడ పైనుంచి బాంబులు పడ్తున్నయి, ముంగట బండి కాలుతున్నది. నేను లారీని ఎనుకకు, ఎనుకకు తీసి గుట్ట చాటుకు తెచ్చిన. క్లచ్చు మీద కాలు జారలే. ఇప్పటికి గోపన్‌పల్లిల సాయిలును అడుగు, "మేము ఎనుకకు తీసినం" అంటడు. మేము అంట. వానికి స్టీరింగు ఎటు తిప్పితె బండి ఎటు పోతదో ఎరుకలేదు.

ఇగ ఫొటువ సంగతి. ఒక కెమెరా దొర వచ్చిండు. తెల్లోడు, సన్నగ, ముక్కు ఎర్రగ ఉంటుండె. ముంగట తన బండి చెడిపోయిందని మా లారీల ఎక్కిండు. నా పక్కకు కూసున్నడు కాబట్టి సాయిలు వెనుక బస్తాల మీదికి పోవాల్సొచ్చింది. నిజం చెప్తున్న, నాకు సంతోషమైంది. బాట ఎట్లుండె అనుకున్నవు, బాటనా అది, బురద. లారీ కూరుకపాయె. నేను దిగి పార పట్టుకోని టైర్ల కింద తవ్విన, సాయిలు కొమ్మలు నరికి ఏసిండు, దొర కూడ ఒక చెయ్యేసి నూకిండు. పొద్దు తిరిగేదాక ఆ పనే. ఎట్లనో ఎల్లింది. దొరకు సంబురమైంది, ఇద్దర్ని లారీ ముంగట నిలబడుమని చెయ్యితోటి చూపిచ్చిండు. సాయిలు ఏం చేసిండు? గుంతల నీళ్లు తీసుకోని మొకం కడుక్కున్నడు. జేబులకెల్లి దువ్వెన తీసిండు. లడాయికి పోయినోనికి దువ్వెనెందుకు బిడ్డా? దువ్వుకోని, నడుమ నిలబడి, ఒక కాలు బంపరు మీద పెట్టిండు. నేను మొకమంత బురద. సిగ్గై టోపీ కిందికి గుంజుకున్న. అదే నువ్వు చూసింది.

తర్వాత నాకు చలిజ్వరం పట్టింది. కలకత్త దవాఖానల పడేసిన్రు. జ్వరం పోతది, మల్లొస్తది. ఇంతల లడాయి ఒడిసింది, సాయిలును ఇంటికి తోలిన్రు. నన్నేమో దవాఖానకెల్లి తీసుకపోయి వేరే పల్టన్‌ల ఏసిన్రు, అక్కడ సామాన్లు మోసే బండి ఇచ్చిన్రు. నాకు రాయరాదు, చదువరాదు. ఇంటికి మాట పంపుదామంటె మన దిక్కోడు ఒక్కడు లేడు. నేను బతికున్ననో లేనో మా ఇంట్ల ఎవలకు ఎరుక లేదు. ఏడాది పైన అట్లనే పోయింది.

ఆఖరికి ఒకనాడు నాంపల్లి టేషన్ల దిగిన. అక్కడి సంది నడక. బాలమ్మ తల్లిగారింట్లనే ఉంటదని సక్కగ గోపన్‌పల్లికే పోయిన. నన్ను చూసి మా అత్త కిందపడి ఏడ్చింది. బాలమ్మ ఏడ్వలే. చెంబుతోటి నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసింది, పోసి, వంగి తనే కడిగింది. ఎన్నడు గట్ల చెయ్యలే ఆమె. నేను సంతోషంగ తల ఎత్తి చూసిన.

ఎదురుంగ గోడ మీద సాయిలు.

అద్దం పటం కట్టిచ్చి, మొల కొట్టి, నడింట్ల పెట్టిన్రు. కాలు బంపరు మీద, తల దువ్వుకోని. వాడొక్కడే. నా లారీ కూడ సగమే ఉన్నది. అరే సాయిలూ, నేనేడరా అన్న, ఇద్దరం నిలబడ్డం గద. వాడు కిందికి చూసుకుంట, "నువ్వు మిషన్ల పడలే అన్నా, పక్కకున్నవు గద" అన్నడు. నేను నమ్మిన. కెమెరా సంగతి నాకేమెరుక? పక్కకుంటె పడరు కావొచ్చు అనుకున్న. టోపీ గుంజుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్న.

నేను దవాఖానల ఉన్నప్పుడు ఆ దొర పల్టన్‌కు ఫొటువ పంపితె, సాయిలు చేతికి ఇచ్చిన్రట. వాడు ఇంటికి తెచ్చిండు. మా మామ లష్కర్ల పటం కట్టిచ్చుకొచ్చిండు. ఆ పటానికి ముప్పావలా పడ్డదని, అది కూడ హాలీ సిక్క, నిజాం రూపాయి లెక్కల అని, బతికినన్ని దినాలు అందరికి చెప్పేటోడు. ఇగ ఆ పటం పెట్టింది మొదలు వాని యోగమే మారింది. సత్తెమ్మను ఇచ్చి, ఇల్లుటం తెచ్చుకున్నరు. అంటె అత్తగారింట్లనే అల్లుడై ఉండుడు. నేను పెద్దల్లున్ని. కానీ బువ్వకు కూసుంటె మొదటి విస్తారి వానికే. దసరాకు కత్తికి, నాగలికి, బండికి బొట్టు పెడ్తరు గద, ఆ పటానికి కూడ పెడ్తుండె మా అత్త. ఎవలన్న కొత్తోళ్లు వస్తె, "మా ఫౌజోడు" అని గోడ దిక్కు చూపిస్తుండె. నేను ఎదురుంగనే కూసోని ఉంటుంటి.

నా ఒంటి మీద కూడ ఖాకీ ఉండె బిడ్డా. చూపెట్టనీకి ఏం లేదు.

అదంత పోనియ్యి. అదంత ఓర్సుకున్న. నేను ఓర్వంది ఒకటున్నది. బతుకమ్మకు బాలమ్మ తల్లిగారింటికి పోతుండె, నేను తోలియ్య పోతుంటి. పోంగనే ఏం చేస్తుండె ఎరుకనా? కాళ్లు కడుక్కోని, సక్కగ గోడ దగ్గరికి పోయి ఆ పటం దించుతుండె. ఒళ్లె పెట్టుకోని కొంగుతోటి అద్దం తుడుస్తుండె. సరే, దుమ్ము అనుకుందాం. అద్దం తుడిసినంక పటాన్ని బోర్లేసి, వెనుక అట్టను కూడ తుడుస్తుండె. అద్దం కంటె అట్టనే ఎక్కువసేపు తుడుస్తుండె. మెల్లగ, పసిపిల్లను తుడిసినట్టు. వెనుక ఏమున్నది తుడువనీకి? ఒకనాడు నాకు ఆగలే. "మొకం తుడిస్తివి, సాలదా, వాని ఈపు కూడ తుడుస్తవా?" అన్న. అందరి ముంగటనే అన్న. ఆమె నవ్వింది. నవ్వి, "నీకేమెరుక" అన్నది. గంతే. తుడుసుడు మాత్రం ఆపలే. ఆ పూట నేను బువ్వ తినలే. తినలేదని కూడ ఎవ్వలు చూడలే.

ఇంకొకటి విను. నేనూ పట్నం పోయిన. ఆబిడ్సుల స్టూడియోకు పోయి, వాళ్ల కోటే తొడుక్కోని ఫొటువ దిగిన. టోపీ లేకుంట, మొకం సక్కగ కనబడేటట్టు. పటం కట్టిచ్చి తెచ్చి ఈ ఇంట్లనే, ఇదే గోడకు కొట్టిన. నేను చెలకకు పోయొచ్చేవరకు అది లేదు. సందూకల, చీరెల కింద పెట్టింది. ఏందే అంటె, "ఉన్న మనిషికి గోడెందుకు, నా కండ్ల ముంగట్నే ఉన్నవు గద" అన్నది. చూసినవా? సాయిలు గోడ మీద ఉండొచ్చు. నేను సందూకల ఉండాలె. నాకెట్లుంటదో నువ్వే చెప్పు.

ఆమె పోయిన్నాడు సాయిలు వచ్చిండు. దినాల నాడు కూడ వచ్చిండు. నాకంటె ఎక్కువ ఏడ్చిండు బిడ్డా. గోడకు తల ఆనిచ్చి ఏడ్చిండు. వచ్చినోళ్లందరు వాని ఈపు మీద చెయ్యేసి ఊకో ఊకో అంటున్నరు. సచ్చిపోయింది నా పెండ్లాం. నేను ఈ గద్దె మీదనే కూసున్న. అప్పటి సంది వాని ఇంటికి పోలే, మాట్లాడలే.

గిసొంటప్పుడు నువ్వు కాయితం తెస్తివి.

కండ్లజోడు పెట్టుకోని చూసిన. లారీ మొత్తం ఉన్నది. సాయిలున్నడు. పక్కకు నేనున్న. మిషన్ల పడ్డ. సక్కగ, బూట్లతోటి సహ పడ్డ. నువ్వేమో పాత ఫొటువ చూసి తాత సంతోషపడ్డడు అనుకున్నవు. నాకు మొదలు ఒక్కటే తట్టింది. కత్తెర. కత్తెర పెట్టి నన్ను కోసి పారేసిండు వీడు, కోసి, పడలే అన్నడు. అన్ని ఏండ్లు ఆ సగం ఫొటువతోటి మొదటి విస్తారి తిన్నడు. వానంటె కండ్లమంట ఊకెనే లేదు, నాకు హక్కున్నది అనుకున్న.

నిన్న పొద్దున సెవెన్ సీటర్ ఆటో ఎక్కిన. కొత్తగూడకాడ ఒకటి మారి, ఆ యూనివర్సిటీ గోడ పొంటి పోయి దిగిన. కాయితం అంగి లోపల పెట్టుకున్న, నలగకుంట. సాయిలు అర్గు మీద మంచంల ఉన్నడు. కండ్లకు ఆపరేషన్ అయిందట, నల్లద్దాలు పెట్టుకున్నడు. సత్తెమ్మ ఎప్పుడో పోయింది, కోడలు యాదమ్మ చూసుకుంటది. అడుగుల సప్పుడు ఇని "ఎవలు?" అన్నడు.

"నేనే. మిషన్ల పడనోన్ని" అన్న.

వాడు లేసి కూసున్నడు. "అన్నా" అన్నడు. ఇన్ని దినాలకు వచ్చిండని మొకం ఎలిగింది. నాకు ఇంక మండింది. కాయితం తీసి వాని చేతుల పెట్టిన. "ఇండ్ల నేనున్నరా సాయిలూ, కంప్యూటరు దాసుకోలే. కత్తెర ఎవడు పెట్టిండు చెప్పు" అన్న. వానికి కనపడదు. కాయితాన్ని వేళ్లతోటి తడుముకున్నడు. "కత్తెరనా? ఎవ్వలు పెట్టలే అన్నా" అన్నడు. మరి నేనేడ అన్న. నేనే లోపలికి పోయి పటం మీద చెయ్యేసిన. "దించకు అన్నా" అని, సప్పుడు ఇని అర్గు మీదికెల్లే ఒర్లిండు. దొరికిండు దొంగ అనుకున్న. దించి తెచ్చి వాని ఒళ్లె పెట్టిన, వాడు అంచులు తడిమిండు. తర్వాత మెల్లగ, "సరే. ఇప్పు. వదినె ఉన్నంత కాలం ఇప్పొద్దన్నది. ఇప్పుడు వదినె లేదు గద" అన్నడు.

వదినె అంటె ఎవలు? నా బాలమ్మ.

యాదమ్మ పట్టుకారు తెచ్చి మొలలు పీకింది. తుప్పు పట్టినయి, ఒక్కొక్కటి ఇరుగుతున్నయి. అట్ట ఊడొచ్చింది. అట్ట కింద ఉర్దూ పేపరు ముక్క ఒకటి, పసుపుపచ్చగైంది. అది తీసేవరకు, బిడ్డా, నేనున్న.

కొయ్యలే. మడిచిన్రు. సగానికెల్లి వెనుకకు మడిచిన్రు. సాయిలు మొకం అద్దం దిక్కు, నా మొకం అట్ట దిక్కు. ఆమె తుడిసేటి దిక్కు.

సాయిలు చెప్పిండు. వాడు ఫొటువ తెచ్చిన్నాడు మా మామ పటం కట్టిస్త అన్నడట. ఆ ఇంట్ల అంతకుముందు గోడ మీద ఉన్నది ఒక్కటే పటం, సచ్చిపోయిన మా మామ తండ్రిది, దండేసి. బాలమ్మ అడ్డం పడ్డదట. "సాయిలు ఇంటికొచ్చిండు, కండ్ల ముంగట ఉన్నడు, వాన్ని ఎక్కియ్యున్రి. నా మొగడు రాలే. ఉన్నడో లేడో మాట లేదు. రాని మనిషిని గోడకెక్కిస్తరా, పోయినోళ్ల పక్కన?" అన్నదట. కత్తెర తెస్తె కత్తెర పెట్టనియ్యలేదట, మనిషిని కోస్తరా అని. తనే చేతులకు తీసుకోని, నన్ను వెనుకకు మడిచి, గోరుతోటి ఒత్తిందట. ఒత్తి, పటాలు కట్టేటోని దగ్గరికి గట్లనే తీసుకపొమ్మన్నదట.

మరి నేనొచ్చినంక ఎందుకు ఇప్పలేదురా అన్న. సాయిలు అదే అడిగిండట ఆమెను. "మడిచి పెట్టినందుకే వచ్చిండు. ఇప్పితె మల్ల పోతడు. నువ్వు ఇప్పకు, ఆయనకు చెప్పకు, నవ్వుతడు" అని ఒట్టు పెట్టిచ్చుకున్నదట. అందుకే నేను అడిగినప్పుడు కిందికి చూసుకుంట మిషన్ల పడలే అన్నడు. పక్కకుంటె పడరు అన్నది వాడు అప్పటికప్పుడు అల్లిన మాట.

ఇంకొకటి చూసిన అప్పుడు. ఫొటువల వాని చెయ్యి నా బుజం మీద ఉన్నది. గోడ మీద ఉన్నన్ని ఏండ్లు ఆ చెయ్యి పటం అంచుదాక వచ్చి ఆగుతుండె. ఎవని మీదనో ఏసిన చెయ్యే అది. నీ కాయితంల కూడ నేను చెయ్యి చూడలే, వాని మొకమే చూసిన.

ఇప్పుడు నువ్వు ఏమనుకుంటున్నవో ఎరుకే. కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటున్నవు. ముసలోడు కూడ ఏడ్చిండు, సడ్డకున్ని అలాయి బలాయి తీసుకున్నడు, కండ్లమంట పోయింది అనుకుంటున్నవు. లేదు బిడ్డా. నాకు ఇంక మండింది. ఆమె నా కోసం మడిచింది, నా కోసం తుడిసింది, మంచిదే. ఆ మాట ఎవలకు చెప్పింది? సాయిలుకు చెప్పింది. నాతోటి ఇన్నేండ్లు ఒక్క కంచంల తిని, ఒక్క కప్పు కింద ఉండి, ఆ మాట వాని దగ్గర దాసింది. నేను తెలవక బువ్వ తినకుంట లేసిపోయిన్నాడు, ఆ ఇంట్ల ఇద్దరు మనుషులకు తెలుసు, వాళ్లిద్దరికే తెలుసు. నవ్వుతడు అనుకున్నదట. నేనెందుకు నవ్వుత? అడిగి చూడాలె గద.

"ఇంకేం చెప్పింది నీకు?" అన్న. ఇంకేం లేదన్నా అన్నడు. ఒట్టా అన్న. ఒట్టే అన్నడు. నేను నమ్మలే. ఇప్పుడు కూడ నమ్మలే.

వాడేమో తనకు కనపడదు గద, "కాయితంల నువ్వెట్లున్నవు అన్నా?" అని అడిగిండు. "నీ కంటె అందంగున్న" అని చెప్పిన. యాదమ్మ నవ్వింది. వాడు కూడ నవ్వి, "ఉంటవు, నేను చూసిన గద అప్పుడు" అన్నడు. గిట్లనే మాట్లాడ్తడు వాడు, మనం తిట్టనీకి జాగ ఇయ్యడు.

"తీసుకపో అన్నా, ఇగ నీదే ఇది" అని ఫొటువ నా చేతుల పెట్టిండు. నేను పట్టుకోని చూసిన. మడత ఉన్నకాడ తెల్లగ గీత పడ్డది, నా బుజం మీద నుంచి, వాని మణికట్టు మీద నుంచి. సక్కటి గీత. ఒకదగ్గర జర లోతుగున్నది, అక్కడ గట్టిగ ఒత్తినట్టున్నది గోరుతోటి. వేలు పెట్టి చూసిన. తర్వాత ఏం చేసిన అంటవు, ఆ గీత మీదనే మల్ల వెనుకకు మడిచిన. మడిచి, పేపరు పెట్టి, అట్ట పెట్టి, మొలలు కొట్టుమని యాదమ్మకు ఇచ్చిన. వద్దురా, నీ దగ్గరనే ఉండనియ్యి, ఆమె పెట్టిన జాగ అది అన్న. పెద్దమనిషి లెక్క అన్న బిడ్డా. అని, నీ కాయితం మల్ల అంగిల పెట్టుకోని సెవెన్ సీటర్ ఎక్కిన్నో లేదో పానం కొట్టుకున్నది. ఎందుకు ఇడిసిపెట్టి వస్తివిరా లింగయ్యా అని.

ఎందుకంటె నువ్వు తెచ్చిన కాయితం మంచిగున్నది. కండ్లు కనబడ్తున్నయి, గుండీలు కనబడ్తున్నయి, బురద కనబడ్తున్నది. కానీ ఇండ్ల మడత లేదు. ఆ దొర దేశంల ఆ ఫొటువను ఎవలు మడువలే. ఆమె గోరు ఒత్తింది ఒక్కటే ఉన్నది, అది వాని ఇంట్ల, వాని గోడ మీద ఉన్నది. గదే అంటున్న. ఆఖరికి గది కూడ వానికే పాయె.

ఇగ బతుకమ్మ వస్తది. పటం ఎవలు తుడుస్తరే అని అడిగిన యాదమ్మను. నేనే తుడుస్త మామా, దీపావళికి సున్నమేసినప్పుడు తుడుస్త అన్నది. అద్దం తుడుస్తదట. వెనుక కూడ తుడువు అని చెప్పబుద్ధి కాలే నాకు. ఆమెకెందుకు అది. నేనే పోత. సాయిలు కండ్లు ఎట్లున్నయో చూసొస్త అని చెప్పి పోత. పోయినప్పుడల్లా వాడు చాయ్ తాగు అంటడు, పక్కకు కూసోమంటడు, బర్మా ముచ్చట తీసి మేము లారీ ఎనుకకు తీసినం అంటడు. ఇనాలె. బతికినన్ని దినాలు వాని ఇంటికి పోవుడే రాసిపెట్టినట్టున్నది నాకు.

నువ్వు లే బిడ్డా, బట్టలు నానవెట్టిన అంటివి గద. సల్లగుండు. మంచి మొగడు దొరకాలె నీకు, నీ పక్కకు నిలబడ్డా సక్కగ కనబడేటోడు. దొరికినంక ఒకటి యాదికుంచుకో, మనసుల ఏదున్నా వాని మొకం మీదనే చెప్పు. నవ్వితె నవ్వనియ్యి. సడ్డకునికి మాత్రం చెప్పకు.

ఆ కాయితం ఇటియ్యి. అట్ల సుట్టకు, జర పైలం. మడత పడ్తది. దాని మీద ఇంకొకరి మడత నాకొద్దు.